చర్చ: బేస్‌మెంట్‌లో రెండో స్టవ్‌కి ఫర్నేస్ గ్యాస్ లైన్ నుంచే తీసుకోవచ్చా?

ఎడిసన్_కొత్తిల్లు:
న్యూజెర్సీలో పాత ఇల్లు, బేస్‌మెంట్ ఫినిష్ చేయిస్తున్నాం. అమ్మావాళ్లు వచ్చేలోపు కింద ఒక స్టవ్ పెట్టాలి, వేపుళ్లూ పిండివంటలూ అక్కడే కానిస్తే పైన ఇల్లంతా నూనె వాసన ఉండదు. ఇల్లు వేడిచేసే గ్యాస్ ఫర్నేస్ గంటకి 80,000 బీటీయూ (వేడి కొలత), వాటర్ హీటర్ 40,000. ఫర్నేస్‌కి వెళ్లే హాఫ్ ఇంచ్ పైపు మీదే టీ (మూడు దారుల జాయింట్) వేసి స్టవ్‌కి తీస్తానంటున్నాడు కాంట్రాక్టర్. కింద గదికి డక్ట్ (ఫర్నేస్ గాలి గొట్టం) నుంచి రెండు వెంట్లు తీస్తే సరిపోతుందా, రిటర్న్ (గాలి తిరిగి ఫర్నేస్‌కి పోయే దారి) కూడా ఉండాలా? పర్మిట్ తప్పదా?

మిషిగన్_చలి:
పర్మిట్ తీసుకోండి, ఇంకో మాట లేదు. మాకు ఇల్లు అమ్మినాయన పర్మిట్ లేకుండా బేస్‌మెంట్ చేయించాడట, ఆ ముచ్చట మాకు తర్వాత తెలిసింది. ఇన్‌స్పెక్టర్ సీలింగ్ డ్రైవాల్ విప్పమన్నాడు. విప్పిన డబ్బులు మావే, మళ్లీ వేసిన డబ్బులూ మావే.

రిఫైనరీ_పైపు:
విశాఖలో రిఫైనరీ పైపింగ్‌లో పని చేసి వచ్చినవాణ్ణి, గ్యాస్ గురించి నన్నడగండి. ఇంట్లో వచ్చేది 7 ఇంచుల వాటర్ కాలమ్ ప్రెజర్, అంటే చదరపు అంగుళానికి పావు పౌండు. దీనికి ఇంత హడావుడా? పసుపు రంగు ఫ్లెక్సిబుల్ పైపు తెచ్చి గోడల్లోంచి లాగేయండి, ఒక్క పూట పని.

కోడ్‌బుక్_కాక:
ప్రెజర్ తక్కువ కాబట్టే పైపు సైజు లెక్క చూడాలి సార్. గ్యాస్ మీటర్ నుంచి 40 అడుగులు పోయేసరికి హాఫ్ ఇంచ్ ఇనప పైపు 80,000 బీటీయూ దగ్గరే చేతులెత్తేస్తుంది. దాని మీద స్టవ్ కూడా పెడితే, జనవరిలో ఫర్నేస్ నడుస్తుండగా మీరు బూరెలు వేయిస్తుంటే మంట చిన్నదైపోతుంది. మీటర్ నుంచి ముప్పావు ఇంచో, ఇంచో లెక్కగట్టి వేయించుకోవాలి. ఇక ఆ పసుపు పైపు లాగేయడమేంటి? దాన్ని 6 గేజ్ రాగి తీగతో గ్రౌండింగ్‌కి కలపాలి. దగ్గర్లో పిడుగు పడితే పైపుకి చిల్లు పడి ఇళ్లు తగలబడిన కేసులున్నాయి.

రిఫైనరీ_పైపు:
పిడుగా? లక్షల ఇళ్లలో ఉంది ఆ పైపు. జనాల్ని భయపెట్టడం తప్ప మీకు పనిలేదా?

కోడ్‌బుక్_కాక:
లక్షల ఇళ్లలో ఉంది, గ్రౌండింగ్‌తో ఉంది. ఆ ముక్క మీరు మింగేశారు. రిఫైనరీలో ఫ్లాంజ్ బిగించిన చేత్తో టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టర్‌ని ఒప్పించలేరు.

రిఫైనరీ_పైపు:
మీరు రెంచి పట్టుకున్నారా ఎప్పుడైనా? పుస్తకం చదివి మాట్లాడొద్దు.

కొలంబస్_పెరుగన్నం:
అన్నలూ ఆపండి. నల్ల ఇనప పైపు వేసినా, పసుపు పైపు వేసినా, మరలున్న జాయింట్లకి గ్యాస్ డోప్ (లీకవకుండా మరలకి పూసే ముద్ద) పూయాలి, ఫర్నేస్ వాల్వ్‌కి ముందు కిందికి చిన్న తోక పైపు వదలాలి, చెత్తాచెదారం వాల్వ్‌లోకి పోకుండా. మా ఇంట్లో వేసినాయన ఆ తోకే మరిచిపోయాడు, ఇన్‌స్పెక్షన్‌లో పట్టుకున్నారు. సబ్బు నీళ్లు పూసి బుడగలు చూడటం సరే, గేజ్ పెట్టి ప్రెజర్ టెస్ట్ మీ ఎదుటే చేయమనండి.

డాలస్_అటిక్:
మాకు ఫర్నేస్, డక్ట్‌లు అన్నీ అటిక్‌లోనే. పై బెడ్‌రూమ్‌కి చుక్క గాలి రాదు. నేనే ఎక్కి చూస్తే ఫ్లెక్స్ డక్ట్ ఒక చెక్క దూలం మీద కొంగమెడలా వంగిపోయి నలిగి ఉంది, పైగా జాయింట్లన్నీ గుడ్డ టేపే. వేడికి జిగురు ఎండి రాలిపోయింది. దాన్ని డక్ట్ టేప్ అంటారు, డక్ట్‌కి తప్ప అన్నిటికీ పనికొస్తుంది. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ పరిశోధన ల్యాబ్ వాళ్లు 1998లోనే తేల్చారు. వంపు తీసి, బిగువుగా లాగి, మాస్టిక్ (డక్ట్ జాయింట్లు మూసే చిక్కటి ముద్ద) పూశా. ఇప్పుడు ఆ గదిలో ఏసీ చలికి దుప్పటి కప్పుకుంటున్నాం.

ఎడిసన్_కొత్తిల్లు:
థ్యాంక్స్ అండీ. రిటర్న్ గురించి ఎవరూ చెప్పలేదు.

కోడ్‌బుక్_కాక:
కావాలి. గాలి లోపలికి తోసి, బయటికి దారి లేకపోతే తలుపు వేయగానే వెంట్ మూలుగుతుంది తప్ప గది వెచ్చబడదు. కానీ రిటర్న్ గ్రిల్ ఫర్నేస్ పక్కనే పెట్టనివ్వద్దు, కనీసం 10 అడుగుల దూరం. మీది పైకప్పులోంచి మెటల్ ఫ్లూ (పొగ గొట్టం) పోయే 80 శాతం సామర్థ్యం ఫర్నేస్ అయితే, గదిలో గాలితోనే మండుతుంది. ఆ గదికి నాలుగు గోడలు కట్టేసి తలుపు బిగిస్తే దానికి గాలేది?

సియాటిల్_సుబ్బి:
ఒక్కరూ స్టవ్ మీద పొగ లాగే హుడ్ మాట ఎత్తరేం? వేపుళ్లకి పెద్ద హుడ్ పెడతారు, అది గాలిని బయటికి లాగుతుంది, ఆ లోటు పూడ్చడానికి వాటర్ హీటర్ ఫ్లూలోంచి పొగ వెనక్కి వస్తుంది. హుడ్ లాగే గాలి 400 సీఎఫ్‌ఎమ్ (నిమిషానికి ఘనపుటడుగులు) దాటిందంటే బయటి గాలి లోపలికి వచ్చే దారి విడిగా పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, అమ్మావాళ్లు పడుకునే గది బయట అలారం పెట్టండి ముందు.

రిఫైనరీ_పైపు:
ఇంత టెన్షన్ ఎందుకు, ఇండక్షన్ స్టవ్ పెట్టుకోండి.

ఎడిసన్_కొత్తిల్లు:
అమ్మ ఒప్పుకోదండీ, మంట కనపడాలి.

బఫెలో_మంచు:
మధ్యలో దూరుతున్నా. నా ఫర్నేస్ పొద్దున్నించీ వెలగట్లేదు, లోపల ఎర్ర లైటు మూడేసి సార్లు కొడుతోంది. ప్లాస్టిక్ పైపు వెంట్ ఉన్న రకం.

కొలంబస్_పెరుగన్నం:
ఫర్నేస్ తలుపు లోపలి వైపు చార్ట్ చూడండి, చాలా వాటికి మూడు సార్లంటే ప్రెజర్ స్విచ్ (వెంట్‌లో గాలి సరిగా కదులుతోందో చూసేది) సమస్య. ముందు బయటికెళ్లి గోడలోంచి వచ్చే ఆ ప్లాస్టిక్ పైపుల మూతుల్లో మంచు గడ్డకట్టిందేమో చూడండి.