కేశనాళికల సిర కొన వద్ద ద్రవం నిజంగా రక్తంలోకి తిరిగి వస్తుందా?

నమస్కారం. నేను నర్సింగ్ విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం బోధిస్తున్నాను. కణజాలాల్లోకి చేరిన ద్రవాన్ని తిరిగి రక్తానికి చేర్చే శోషరస వ్యవస్థ (లింఫాటిక్ సిస్టమ్) పాఠంలో ఎదురైన ఒక సందేహానికి ఈ విషయం తెలిసినవారి సహాయం కోరుతున్నాను.

1896లో శరీరధర్మ శాస్త్రవేత్త స్టార్లింగ్ చెప్పిన సూత్రాన్ని అనుసరించి పాఠ్యపుస్తకాలు ఇలా వివరిస్తాయి: అతి సన్నని రక్తనాళాలైన కేశనాళికల ధమని కొనలో రక్తపీడనం సుమారు 35 మి.మీ. (పాదరసం) ఉండటం వల్ల ద్రవం బయటికి వస్తుంది. సిర కొనలో అది సుమారు 15కు తగ్గినప్పుడు, ప్లాస్మా ప్రోటీన్ల వల్ల కలిగే 25 మి.మీ. ద్రవాభిసరణ పీడనం (నీటిని రక్తంలోకి లాగే బలం) దానిని మించి, ఆ ద్రవంలో అధికభాగాన్ని లోపలికి తీసుకుంటుంది. మిగిలిన రెండు మూడు లీటర్లను శోషరస నాళాలు ప్రతిరోజూ మెడ మొదట్లోని సిరలకు చేరుస్తాయి. ఎంతో స్పష్టమైన వివరణ ఇది.

అయితే పరిశోధకులు లెవిక్, మిషెల్ 2010లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, రక్తనాళపు లోపలి గోడను కప్పిన గ్లైకోకేలిక్స్ అనే పలుచని చక్కెర-ప్రోటీన్ పొరకు దిగువన ఉండే ప్రోటీన్ సాంద్రతే లెక్కలోకి వస్తుంది కనుక, పేగులు, మూత్రపిండాల వంటి చోట్ల తప్ప, సిర కొన వద్ద నిరంతర పునఃశోషణ (ద్రవం తిరిగి రక్తంలోకి రావడం) జరగదు.

అలాగైతే బయటికి వచ్చిన ద్రవం దాదాపు అంతా శోషరస మార్గంలోనే తిరిగి రావాలి. మెడ వద్దకు చేరే పరిమాణం తక్కువగా ఉండటానికి, దారిలోని శోషరస కణుపులలోనే కొంత నీరు రక్తంలో కలవడం కారణమని భావించవచ్చా? ఫైలేరియా పురుగులు శోషరస నాళాలను దెబ్బతీసినప్పుడు బోదకాలు వాపు అంతగా పెరగడాన్ని కూడా ఈ కొత్త వివరణే మెరుగ్గా అర్థం చేయిస్తుందని నా అభిప్రాయం. ఇది సరైనదేనా? పరీక్షలలో పాత సమాధానమే అడుగుతున్నందున, విద్యార్థులు తికమకపడకుండా ఈ రెండింటినీ ఏ క్రమంలో బోధించాలో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.