హాజరు పట్టీ, మూమెంట్ రిజిస్టర్: కొత్త హెచ్‌ఎం ఎక్కడ మొదలుపెట్టాలి?

సుద్దముక్క: ఆదోని వైపు జడ్పీ హైస్కూలుకు ప్రమోషన్ మీద పోయే హెచ్‌ఎంల కోసం అడుగుతున్నా. ముఖ హాజరు యాప్ వచ్చాక తనిఖీ వస్తే చూపడానికి తేదీ వేయకుండా రాసిపెట్టే సీఎల్ (క్యాజువల్ లీవ్) లెటర్లు తగ్గాయి గానీ, పొద్దున ముఖం చూపించి మూడో పీరియడ్‌కు బయటపడే అలవాటు పోలేదు. స్టాఫ్‌తో చెడకుండా మాన్పించేదెలా?

నల్లరేగడి: బడి టైంలో బయటికి పోయేవాళ్లు రాయాల్సిన మూమెంట్ రిజిస్టర్ బీరువాలో ఉంటే ఎవరూ రాయరు సార్. స్టాఫ్ రూం బల్ల మీద పెన్నుకు దారం కట్టి పెట్టండి. పేరు, పని, పోయిన టైం, వచ్చిన టైం చాలు. మొదటి ఎంట్రీ మీదే ఉండాలి, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు పోయినా సరే. టీచర్లకు ఏడాదికి 15 సీఎల్, 7 స్పెషల్ సీఎల్ ఉన్నాయి. అరపూట సీఎల్ అడిగితే విసుక్కోకుండా ఇవ్వండి. రూలు స్టాఫ్ మీటింగ్‌లో చెప్పి మినిట్స్‌లో సంతకాలు తీసుకోండి. మందలించాల్సి వస్తే మాత్రం ఒంటరిగా పిలిచి.

హగరి ఒడ్డు: అసలు రోగం పిల్లల పట్టీలో ఉంది. దీపావళి దాటితే కోసిగి, కౌతాళం ఊళ్లలో ఇళ్లకు తాళాలు పడతాయి. సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు వైపు పోయిన పిల్లలకు హాజరు వేయమని హెచ్‌ఎమ్మే చెప్తే, ఆయన మాటకు ఇంక విలువేముంది? మధ్యాహ్న భోజనానికి 6–8 తరగతుల్లో ఒక్కరికి రోజుకు 150 గ్రాముల బియ్యం. 20 దొంగ హాజర్లంటే రోజుకు 3 కిలోలు, 24 పనిదినాలకు 72 కిలోలు. గుడ్లు ఒక్కరికి వారానికి 5 చొప్పున, వారానికి 100.

బియ్యం పోతే పోయింది. హాజరు పడిన పిల్ల వలస లెక్కలోకి రాదు. లెక్క లేకుంటే వలస పోయినవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్ కావాలని దేని ఆధారంగా అడుగుతారు? అవ్వ దగ్గర వదిలిపోదామనుకున్న తల్లి కూడా పిల్లను వెంటబెట్టుకుని పోతుంది. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. మొదటి పీరియడ్‌లోనే పట్టీ ముగించండి, భోజనం గంటకు పళ్లేలు లెక్కపెట్టి పక్కనే రాయించండి. తేడా వస్తే కారణం ఆ రోజే తేల్చాలి.

సుద్దముక్క: సంఖ్య తగ్గితే పోస్టులు పోతాయని స్టాఫ్ భయం.

హగరి ఒడ్డు: పేరు కొట్టేయమనడం లేదు సార్. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం 8వ తరగతి అయ్యేదాకా పిల్లను బడి నుంచి తీసేయకూడదు. పేరు ఉంచి ఆబ్సెంట్ వేయండి.

నల్లరేగడి: ఇందులోకి పేరెంట్ కమిటీని తీసుకురండి. అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లు. మీటింగు పగలు 11కు పెడితే కూలికి పోయేవాళ్లు రారు, చీకటి పడ్డాక రచ్చకట్ట దగ్గర పెట్టండి. సుగ్గికి పోయే ఇళ్ల పేర్లు దసరాకు ముందే రాసుకోవాలి. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాక ఎంత చెప్పినా ఆగరు.