తెలుగు, ఒడియా కలిపి చేసే డిజైన్లకు ఏ ఫాంట్లు వాడుతున్నారు?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. డిగ్రీ అయ్యాక ఇక్కడే ఒక ఫ్లెక్స్ షాపులో డిజైనర్‌గా చేరాను. పెళ్లి కార్డులు, షాపు బోర్డులు, జాతర బ్యానర్లు చేస్తుంటాం. చాలామంది తెలుగు, ఒడియా రెండూ ఒకే బోర్డు మీద ఉండాలంటారు.

ఇబ్బంది అక్కడే. షాపులో తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి. ఇవి యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కావు కాబట్టి కస్టమర్ వాట్సాప్‌లో పంపిన మేటరంతా మళ్లీ టైప్ చేయాలి. యూనికోడ్‌లో చేద్దామంటే మా పాత డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో ఒత్తులు విడిపోతున్నాయి. ఫొటోషాప్‌లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఆన్ చేస్తే సరిగానే కూర్చుంటున్నాయి, కానీ పెద్ద బ్యానర్‌కి ఫైల్ బరువెక్కి సిస్టమ్ ఆగిపోతోంది. ఇంక్‌స్కేప్‌లో చేసి, అక్షరాలను పాత్‌గా (ఫాంట్ అవసరం లేని గీతలుగా) మార్చి కోరల్‌కి తెచ్చుకునేవాళ్లు ఉన్నారా? ప్రింట్‌లో తేడా ఏమైనా వస్తుందా?

జత ఫాంట్ల సంగతి కూడా చెప్పండి. బాలూ తమ్ముడు (తెలుగు), బాలూ భాయినా (ఒడియా) ఫాంట్లు ఒకే కుటుంబంవి కాబట్టి బోర్డు మీద మందం చక్కగా కలుస్తుంది. పెళ్లి కార్డుకి మాత్రం మరీ మొద్దుగా ఉన్నాయి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఇక్కడ తెలుగు అక్షరం వంకరగా అచ్చవుతుంటే నాకు మనసొప్పదు.

ఇంకొకటి. విశాఖలో ఏజెన్సీలకు అప్లై చేద్దామనుకుంటున్నాను. పోర్ట్‌ఫోలియోలో ఈ రెండు లిపుల బోర్డులు పెట్టవచ్చా, లేక లోగోలు, సోషల్ మీడియా పోస్టులే చూస్తారా? అక్కడ పనిచేస్తున్న అన్నలు, అక్కలు దయచేసి చెప్పండి.