ఫోర్క్ పాఠంలో బఫర్ సంగతి ఎట్ల చెప్పాలె?

హన్మకొండలో డిప్లొమా పిల్లలకు లైనక్స్ మీద సీ నేర్పుతున్నం, ఒక సలహా కావాలె.

ప్రింట్‌ఎఫ్‌తో న్యూలైన్ ఉన్న ఒక లైను రాసి, వెంటనే ఫోర్క్ (నడుస్తున్న ప్రాసెస్‌కు నకలు తీసే కాల్) పిలిస్తే తెర మీద ఆ లైను ఒక్కసారే వస్తది. అదే అవుట్‌పుట్‌ను ఫైలులోకి మళ్లిస్తే రెండుసార్లు పడుతది. టెర్మినల్‌కైతే లైను లైనుకూ బఫర్ (రాసేది కాసేపు ఆగే మెమరీ) ఖాళీ అయితది. ఫైలుకైతే నిండేదాకా ఆగుతది. ఫోర్క్‌తో ఆ బఫర్ కూడా కాపీ అయితది, ఎగ్జిట్‌లో రెండు ప్రాసెస్‌లూ దాన్ని రాస్తయి.

ఫోర్క్‌కు ముందు ఎఫ్‌ఫ్లష్ (బఫర్‌ను వెంటనే ఖాళీ చేసే ఫంక్షన్) పెట్టుమంటే పిల్లలు కారణం పట్టించుకోకుండ బట్టీ పడుతున్నరు. ప్రోగ్రాం చేసే సిస్టమ్ కాల్స్ చూపించే ఎస్‌ట్రేస్ టూల్‌కు ‘-ఎఫ్’ ఇచ్చి (పిల్ల ప్రాసెస్‌లవి కూడా వస్తయి) రైట్ కాల్స్, అంటే ఈ బఫర్ లేకుండ నేరుగా రాసేటివి, మాత్రమే చూపిస్తే కొంత నయం.

నేరుగా రైట్‌తో మొదలుపెట్టి, ప్రింట్‌ఎఫ్‌ను తర్వాత చెప్పినవాళ్లు ఉన్నరా? 50 నిమిషాల పీరియడ్లు ఎన్ని పట్టినయి? ఏ అభ్యాసం ఇచ్చిన్రు?