ఉద్యోగం చేస్తూ ఆక్టేవియా బట్లర్ ఎలా రాశారు?

మల్కాజిగిరి పాఠకుడు:
మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ నవల ‘కిండ్రెడ్’ దొరికింది. అట్ట చిరిగింది, మొదటి పేజీలో ఎవరిదో పెన్సిల్ సంతకం. రెండు రాత్రుల్లో చదివేశాను. నేనూ షిఫ్టు అయ్యాక కథలు రాద్దామని కూర్చుంటాను, పది లైన్లకే నిద్ర ముంచుకొస్తుంది. ఆవిడ ఎలా నెట్టుకొచ్చారో తెలిసినవాళ్లు చెప్పండి.

సీతాఫల్‌మండి అక్క:
తమ్ముడూ, ఆవిడ 1947లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో పుట్టారు. నాన్న చిన్నప్పుడే పోయారు. అమ్మ ఇళ్లలో పనిచేసి పెంచింది, అంత ఇబ్బందిలోనూ పదేళ్ల కూతురికి టైప్‌రైటర్ కొనిపెట్టింది! ఆ తల్లిని తలచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి. పెద్దయ్యాక గిన్నెలు కడిగారు, టెలిమార్కెటింగ్ చేశారు, ఆలూ చిప్స్ ఫ్యాక్టరీలో చిప్స్ తనిఖీ చేశారు. తెల్లవారుజామున రెండింటికే లేచి రాసుకుని, తర్వాత పనికి వెళ్లేవారు.

తార్నాక నుంచి:
మొదటి నవల 1976లో, ‘కిండ్రెడ్’ 1979లో వచ్చాయి. 1995లో మెకార్థర్ ఫెలోషిప్ (అమెరికాలో ప్రతిభావంతులకు ఇచ్చే పెద్ద పురస్కారం) వచ్చింది, సైన్స్ ఫిక్షన్ రచయితల్లో మొదట ఆవిడకే. 2006లో, 58 ఏళ్లకే పోయారు.

మల్కాజిగిరి పాఠకుడు:
థ్యాంక్స్ అక్కా. నా షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి. రేపటి నుంచి పొద్దున నాలుగింటికి అలారం పెట్టి, పనికి వెళ్లేముందే రాస్తాను.