త్రీడీ ముద్రిత టైటానియం నమూనాలు ఫెటీగ్ (పదేపదే బలం మోపే) పరీక్షలో ఇంత త్వరగా ఎందుకు విరుగుతున్నాయి?

ప్రశ్న (ఎంటెక్ విద్యార్థి):
ఒక బ్రాకెట్‌ను టోపాలజీ ఆప్టిమైజేషన్‌తో (అవసరం లేని చోట పదార్థాన్ని కంప్యూటర్ లెక్కతో తీసేయడం) తేలిక చేసి, టిఐ-6ఏఎల్-4వి అనే టైటానియం మిశ్రలోహపు పొడితో లేజర్ పౌడర్ బెడ్ పద్ధతిలో (పొడిని పొరపొరగా పరిచి లేజర్‌తో కరిగించడం) ముద్రింపజేశాను. లేజర్ శక్తి 280 వాట్లు, స్కాన్ వేగం సెకనుకు 1200 మి.మీ., హాచ్ దూరం (పక్కపక్క లేజర్ గీతల మధ్య ఎడం) 0.14 మి.మీ., పొర మందం 0.03 మి.మీ. దానితోపాటు నిలువుగా ముద్రించిన నమూనాలకు ఆర్కిమెడీస్ పద్ధతిలో (ద్రవంలో ముంచి తూచి) 99.7 శాతం సాంద్రత వచ్చింది, టెన్సైల్ (లాగితే తట్టుకునే) బలమూ 1100 మెగాపాస్కల్ దాటింది. అయినా, ఫోర్జింగ్ కడ్డీకి హ్యాండ్‌బుక్కు ఇచ్చిన విలువలతో సిమ్యులేషన్ చూపిన ఆయుర్దాయంలో పదో వంతు కూడా నిలవడం లేదు. స్ట్రెస్ రిలీఫ్ (లోపలి ఒత్తిళ్లు తగ్గించేలా వేడి చేయడం) తప్ప, మెషినింగ్ (ఉపరితలాన్ని చెక్కడం) ఏమీ చేయించలేదు. లోపం ముద్రణలో ఉందా, డిజైన్‌లో ఉందా?

సమాధానం 1 (లోహశాస్త్ర అధ్యాపకుడు):
సాంద్రత శాతాన్ని బట్టి ఫెటీగ్ ఆయుర్దాయాన్ని అంచనా వేయలేమండి. మిగిలిన 0.3 శాతం ఖాళీ ఎక్కడ ఉంది, ఏ ఆకారంలో ఉంది అన్నదే ముఖ్యం. పొరకూ పొరకూ మధ్య కరగక మిగిలిన బల్లపరుపు ఖాళీ, నిలువు నమూనాలో లాగే బలానికి సరిగ్గా అడ్డంగా పడుతుంది కనుక, అది పుట్టుకతోనే పగులు కింద లెక్క. అయితే మెషినింగ్ చేయలేదన్నారు కాబట్టి నా మొదటి అనుమానం ఉపరితలం మీదే: గోడకు సగం కరిగి అంటుకున్న రేణువుల మధ్య ఉండే సన్నని నొక్కుల దగ్గరే పగులు మొదలవుతుంది. విరిగిన ముఖాన్ని ఎస్‌ఈఎంలో (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చూడండి. గీతలన్నీ వెనక్కి వెళ్లి కలిసే చోటు పగులుకు మూలం. అక్కడి గుంటలో కరగని గుండ్రటి రేణువులు కనిపిస్తే అది ముద్రణ లోపమే. రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించి చూడకండి, రాపిడికి ఆనవాళ్లు చెరిగిపోతాయి.

సమాధానం 2 (హీట్ ట్రీట్‌మెంట్ ఇంజనీరు):
లోపలి రంధ్రాలకు మందు హిప్ (హాట్ ఐసోస్టాటిక్ ప్రెస్సింగ్: వేడిలో వాయువుతో అన్ని వైపులా నొక్కడం). సుమారు 920 డిగ్రీల సెల్సియస్ వద్ద, 100 మెగాపాస్కల్ ఆర్గాన్ పీడనంలో 2 గంటలు ఉంచితే అవి మూసుకుపోతాయి. ఉపరితలానికి తెరుచుకున్నవి మాత్రం, వాయువు వాటిలోకీ దూరుతుంది కనుక, అలాగే ఉంటాయి. అందుకే ముందు హిప్, తర్వాత మెషినింగ్. హిప్ లేకుండా చెక్కితే లోపలి రంధ్రాలే కొత్త ఉపరితలం మీదకు వస్తాయి. మార్టెన్‌సైట్ (వేగంగా చల్లబడటంతో ఏర్పడిన గట్టి సూక్ష్మ నిర్మాణం) విడిపోవడం వల్ల టెన్సైల్ బలం కొంత తగ్గుతుంది, సాగే గుణం పెరుగుతుంది. మీ శక్తి సాంద్రత (లేజర్ శక్తిని వేగం, హాచ్ దూరం, పొర మందాల లబ్ధంతో భాగిస్తే వచ్చేది) ఘన మిల్లీమీటరుకు సుమారు 56 జౌళ్లు; ఆ అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండలేం, ఎందుకంటే శక్తి, వేగం రెండూ మారినా అదే అంకె రావచ్చు, కరిగిన మడుగు లోతు మాత్రం వేరవుతుంది.

సమాధానం 3 (డిజైన్ ఇంజనీరు):
డిజైన్‌నూ విడిచిపెట్టలేం. నునుపు చేసిన నమూనాల హ్యాండ్‌బుక్కు విలువలను ముద్రించిన గరుకు ఉపరితలానికి వాడితే సిమ్యులేషన్ ఫలితానికి అర్థం ఉండదు. పైగా దృఢత్వం కోసమే చేసిన ఆప్టిమైజేషన్ ఫెటీగ్‌ను పట్టించుకోదు. టూల్ దూరలేని సందులను కూడా సృష్టిస్తుంది. నిర్మాణ దిశను ముందే ఖరారు చేసి, ఒత్తిడి ఎక్కువున్న ముఖాలు కిందికి వాలకుండా చూసి, వాటికి క్యాడ్‌లోనే (కంప్యూటర్ డిజైన్‌లోనే) మెషినింగ్ అలవెన్సు (చెక్కేందుకు అదనపు మందం) ఇవ్వండి.

ప్రశ్నించిన విద్యార్థి:
ధన్యవాదాలండి. హిప్‌కు నిధులు అడగాలి. ఈలోగా ఎస్‌ఈఎం చూసి, మిగిలిన నమూనాలలో సగం మెషినింగ్ చేయించి, సగం ఉన్నవున్నట్టుగా పరీక్షిస్తాను.

సమాధానం 1 రాసినవారు:
అలాగే చేయండి. ఒక్కో నమూనా బిల్డ్ ప్లేటు మీద ఏ చోట నిలిచిందో కూడా రాసుకోండి. వాయు ప్రవాహం దిగువన చిందిన రేణువులు ఎక్కువగా పడి, అక్కడి నమూనాలు మిగతావాటికంటే ముందే విరిగే అవకాశం ఉంది.