జెనీవాలో బిల్డింగుల ఉద్యోగం: ఫ్రెంచ్ ఎంత రావాలి?

కొత్తగా వస్తున్నవాడు:
అందరికీ నమస్కారం. వచ్చే నెల జెనీవాలో ఒక పెద్ద అంతర్జాతీయ సంస్థ ఫెసిలిటీస్ (భవనాల నిర్వహణ) విభాగంలో చేరుతున్నాను. హైదరాబాద్‌లో ఐటీ క్యాంపస్‌లో తొమ్మిదేళ్ళు చేశాను. చిల్లర్లు (ఏసీకి నీళ్ళు చల్లబరిచే యంత్రాలు), డీజీ సెట్లు (జనరేటర్లు), లిఫ్టులు, హౌస్‌కీపింగ్ వెండర్లు అన్నీ చూశాను. ఆఫీసు భాష ఇంగ్లీషే అన్నారు. రోజువారీ పని నడవడానికి ఫ్రెంచ్ ఎంత రావాలి? ఈ నెల రోజుల్లో ఏం నేర్చుకోమంటారు?

ఫెర్నే అన్న:
తమ్ముడూ, ఫ్రెంచ్ సంగతి తర్వాత. ముందు ఇల్లు చూసుకో. ఇక్కడ ఓనరు కనపడడు, మధ్యలో రెజీ అని ఏజెన్సీ ఉంటుంది. ఒక ఫ్లాట్ ఖాళీ అయితే చూడడానికి మెట్ల మీద క్యూ. జాబ్ కాంట్రాక్టు, నీ కార్డు, అప్పుల్లేవని పూర్‌సూయిత్ ఆఫీసు ఇచ్చే కాగితం, అన్నీ ఒక ఫైల్లో పెట్టి అదే రోజు పంపాలి.

నా సంగతి చెప్తా విను. నేను మొదట దిగిన ఫ్లాట్‌లో తాళాలిచ్చే రోజు ఒకావిడ వచ్చి గది గదికీ తిరిగి ఫారం నింపింది. ఫ్రెంచ్‌లో గడగడా చదివింది, నేను తలూపి సంతకం పెట్టాను. మూడేళ్ళ తర్వాత ఖాళీ చేసేటప్పుడు అదే ఫారం బయటికొచ్చింది. హాల్లో చెక్క నేల "మంచి స్థితి" అని రాసుంది. కిటికీ దగ్గర నల్లగా మాడిన మరక నేను దిగేనాటికే ఉంది, మా ఆవిడ దాని మీద చాప వేసి దాచేది కూడా. ఫొటో ఉందా అన్నారు. లేదు. నేలంతా గీకి పాలిష్ పెట్టించిన బిల్లు నా మీద వేశారు. వంటింటి చిమ్నీ ఫిల్టరు, బాత్రూమ్ గొట్టం, చివరికి మేకు కన్నాలు కూడా లెక్కపెట్టారు. డిపాజిట్ చేతికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ రెజీకి రాసిన ఉత్తరాలన్నీ ఇంకా దాచిపెట్టాను, ఎందుకో నాకే తెలీదు. కాబట్టి మొదటి రోజే ప్రతి గోడకీ, ప్రతి కుళాయికీ ఫొటో తీసి రెజీకి మెయిల్ కొట్టు. డిపాజిట్ ఆరు నెలల అద్దె అడుగుతారు, ఇక్కడ మామూలే, కంగారుపడకు.

నియోన్ బాబాయ్:
ఆరు నెలలు కాదండీ, మూడు నెలలే. ఉండే ఇంటికి అంతకు మించి అడగకూడదని స్విస్ చట్టంలోనే ఉంది. అదీ ఓనరు జేబులోకి పోదు, మన పేరు మీద బ్యాంకులో బ్లాక్ చేసిన ఖాతాలో ఉంటుంది. కొత్తవాళ్ళకి తప్పు లెక్కలు చెప్పకండి.

ఫెర్నే అన్న:
బాబాయ్, నన్ను అడిగింది చెప్పాను. చట్టం మీ షెల్ఫులో ఉంటే రెజీకేం నొప్పి?

నియోన్ బాబాయ్:
అడిగితే ఇచ్చారు, అందుకే అడుగుతున్నారు. ఇంతకీ మీరు సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లో కాపురం పెట్టి జెనీవా అద్దెల గురించి చెప్పడమేమిటి?

లోజాన్ అక్క:
మీరిద్దరూ ఆపండి. బాబూ, పెళ్ళయిందా? అయితే ఇది రాసిపెట్టుకో. నీకు వచ్చేది మామూలు పర్మిట్ కాదు, స్విస్ విదేశాంగ శాఖ ఇచ్చే లెజిటిమేషన్ కార్డు. మీ ఆవిడకూ అదే వస్తుంది. ఆమెకు ఇక్కడ ఉద్యోగం దొరికితే ఆ కార్డు ఇచ్చేసి సీఐ పర్మిట్ తీసుకోవచ్చు. ఈ ముక్క ఎవరూ చెప్పక నేను రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాను.

రిటైర్డ్ ఇంజనీరు:
బాబూ, అద్దెలు మావాళ్ళు చూసుకుంటారు, నేను పని గురించి చెప్తాను. ఇలాంటి సంస్థల్లో ఇరవై రెండేళ్ళు బిల్డింగులే చూశాను.

నీ చిల్లర్ల అనుభవం పనికొస్తుంది కానీ నువ్వు అనుకున్న చోట కాదు. ఇక్కడ సంస్థల ఇలాకాలో చాలా భవనాలు సరస్సు లోతు నుంచి తోడిన చల్లటి నీళ్ళతో చల్లబడతాయి. ఆ నెట్‌వర్కు 2009 నుంచి నడుస్తోంది. డీజీ సెట్టు అంటావా, కరెంటు పోదు. నెలకోసారి టెస్టుకి తిప్పి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టడమే. అక్కడ నువ్వు జనరేటరు శబ్దం బట్టి జబ్బు చెప్పి ఉంటావు, ఇక్కడ ఆ చెవి మూలపడుతుంది.

అసలు కష్టం మరోచోట ఉంది: ఏ వస్తువు ఎవరిదో తెలీదు. పాలే దె నాసియోం చూడు, జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఉండే భవనం. నానాజాతి సమితి కోసం 1929లో పునాదిరాయి వేసి 1930లలో కట్టారు, 1946లో ఐక్యరాజ్యసమితి చేతికొచ్చింది. 1970లలో ఇంకో పెద్ద బ్లాకు అతికించారు. ఇప్పుడు మొత్తం మరమ్మతుకి సుమారు 837 మిలియన్ ఫ్రాంకుల పథకం నడుస్తోంది, అందులో 400 మిలియన్లు స్విట్జర్లాండ్ ఇచ్చిన అప్పు. లోపల హాళ్ళు, గోడల మీద బొమ్మలు ఒక్కో దేశం బహుమతి. మానవ హక్కుల హాలు పైకప్పు నుంచి రంగురంగుల ముద్దలు వేలాడుతుంటాయి, 2008లో స్పెయిన్ ఇచ్చిన కళాఖండం అది. దాని మధ్యలో ఒక దీపం మాడితే? మామూలు ఆఫీసులో నిచ్చెన వేసి మార్చేస్తావు. అక్కడ ముందు ఎవరిని అడగాలో కనుక్కోవడానికే ఒక వారం. తోటలో తిరిగే నెమళ్ళకూ హక్కుంది సుమా, ఆ స్థలం ఇచ్చినాయన పెట్టిన షరతు అది.

కాబట్టి చేరిన మొదటి నెల టూల్స్ ముట్టుకోకు. గది గదికీ తిరిగి అడుగు: ఇది మనదా, ఆతిథ్య దేశానిదా, బహుమతా, అద్దెదా? 1964లో స్విస్ వాళ్ళు ఫిపోయ్ అనే ఫౌండేషన్ పెట్టారు, అంతర్జాతీయ సంస్థలకు ఆఫీసులు సమకూర్చడమే దాని పని. కొన్ని సంస్థలు ఉండే భవనాలు వాటివి కావు, ఫిపోయ్‌వి. అక్కడ నువ్వూ ఒక కిరాయిదారుడివే.

ఇంకోటి, అనువాదకుల బూత్‌లు, అంటే సభలో మాటల్ని అప్పటికప్పుడు తర్జుమా చేసేవాళ్ళు కూర్చునే చిన్న గదులు. వాటికి ఐఎస్ఓ 2603 అని వేరే ప్రమాణమే ఉంది. నా మొదటి ఏడాది ఒక ఏహెచ్‌యూ (హాల్లోకి గాలి పంపే యంత్రం) ఆగిపోతే హాల్లో చలేస్తోందా వేడిగా ఉందా అని ప్రతినిధుల చుట్టూ తిరిగాను, బూత్ వైపు చూడలేదు. గాలాడక అనువాదకులు మైకులు ఆపి బయటికొచ్చారు. సభలో అందరూ ఉన్నారు, ఒకరి మాట ఒకరికి అర్థం కాదు, సభ ఆగింది. ఆ మధ్యాహ్నం నుంచి నా రౌండ్లు బూత్‌లతోనే మొదలయ్యేవి.

ఫెర్నే అన్న:
ఇంజనీరు గారూ, ముఖ్యమైంది మర్చిపోయారు. లోపలికి పోలీసులు కూడా రాలేరు. స్విస్ రూల్సేవీ వర్తించవు. అది వేరే దేశం లెక్క.

రిటైర్డ్ ఇంజనీరు:
ఇదే, ఈ మాటే కొత్తవాళ్ళని ముంచుతుంది. 1946 ఒప్పందం ప్రకారం ఐక్యరాజ్యసమితి ఆవరణలోకి అనుమతి లేకుండా రాకూడదు, అంతవరకు నిజం. దాన్ని పట్టుకుని రూల్సే లేవంటే ఎలా? పని చేయడానికి వచ్చేది స్విస్ కాంట్రాక్టరు. అతని మనుషుల ఊపిరితిత్తులకు దౌత్యపరమైన ఇమ్యూనిటీ లేదు. పొడి పీల్చితే ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్ మీద ఈ దేశంలో నిషేధం 1990 నుంచే. అంతకు ముందు కట్టిన భవనమైతే గోడకు డ్రిల్ పెట్టే ముందు పరీక్ష రిపోర్టు చేతిలో ఉండాలి. లేకపోతే ఆ కుర్రాడు డ్రిల్ కింద పెట్టి కాఫీకి వెళ్ళిపోతాడు, అతనిదే రైటు.

నియోన్ బాబాయ్:
డబ్బుల సంగతి కూడా చెప్పండి. సభ్య దేశాలు చందా కట్టడం ఆలస్యం చేస్తే మొదటి కోత పడేది బిల్డింగుల మీదే. 2023 డిసెంబర్‌లో పాలే మొత్తం మూసేశారు, జనవరి రెండో వారం దాకా. హీటింగ్ ఖర్చు మిగలాలని.

రిటైర్డ్ ఇంజనీరు:
మూయడం తేలికే బాబాయ్. ఇలా మూసిన భవనం తెరిచే ముందు ఏం చేయాలో తెలుసా? వారాలపాటు కదలని నీళ్ళలో లీజియోనెల్లా అనే న్యుమోనియా తెచ్చే బాక్టీరియా పెరుగుతుంది. ప్రతి కుళాయీ, ప్రతి షవరూ తిప్పి నీళ్ళు వదలాలి. జనం రేపు వస్తారనగా ఇద్దరు మనుషులతో ఆ పని చేయించినవాణ్ణి నేను. ఆదా లెక్కలో ఆ ఇద్దరి ఓవర్‌టైమ్ ఎవరూ రాయరు.

కొత్తగా వస్తున్నవాడు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఫొటోలు, సీఐ పర్మిట్, బూత్‌లు, ఆస్బెస్టాస్, కుళాయిలు, అన్నీ నోట్ చేసుకున్నాను. కొంచెం టెన్షన్ కూడా మొదలైంది. ఇంతకీ ఫ్రెంచ్…?

లోజాన్ అక్క:
అయ్యో, అది ఎవరూ చెప్పనేలేదు కదూ. మా ఆయన నైట్ షిఫ్టు టెక్నీషియను, ఆయన్నే అడిగి రాస్తున్నా. మీటింగుల్లో ఇంగ్లీషు చాలు. రాత్రి రెండింటికి కంట్రోల్ రూమ్ నుంచి వచ్చే ఫోను మాత్రం ఫ్రెంచ్‌లోనే ఉంటుందట. "ఫ్యుయీత్" అంటే లీకు. "పాన్" అంటే ఏదో ఆగిపోయింది. "వాన్" అంటే వాల్వు, "సూ-సోల్" అంటే సెల్లారు. "కూపే" అంటే ఆపేసెయ్. ముందు ఈ ఐదూ పలకడం కాదు, ఫోన్లో గుర్తుపట్టడం నేర్చుకోమన్నారు. పాన్, వాన్ రెండూ నిద్రమత్తులో ఒకేలా వినిపిస్తాయట, మళ్ళీ అడగడానికి మొహమాటపడొద్దన్నారు.